టెలివిజన్ ధారావాహిక – ద్విధ్రువ మనోవ్యాధి

జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో పనికై తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఆ నగరంలో నివసిస్తున్నవి. అక్కడికి కొద్ది గంటల ప్రయాణంలో, రాంచీ చెంత, కాంకే అనే ఊరున్నది. 1918లో ఒకటి, 1925లో ఒకటి వెలసిన రెండు ప్రసిద్ధ మానసిక చికిత్సాలయాలు ఆ ఊరిలో కలవు. తెలుగునాట ఎర్రగడ్డకు పట్టిన గతియే ఆ ప్రాంతపు వాడుకలో కాంకేకు పట్టినది: ఊరి పేరు ఎగతాళిమాటయై కూర్చున్నది. వైద్యం చేరువనే ఉన్నా, ఆ మాటకు జడిసి గడప తొక్కనివారుంటారు. అట్టివారి యింటికి కూడ ప్రతి సాయంకాలం టెలివిజన్ నాటకం వస్తుంది. మనోవ్యాధిని గురించి అది చెప్పినదే పలువురికి తొలిపాఠం. కనుక ఆ చిత్రణలోని సత్యాసత్యాలు వైద్యులకే కాక రచయితలకు కూడ విచారణీయాలు.

నేడు బైపోలార్ అని పిలువబడుతున్న ద్విధ్రువ వ్యాధిని జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ 1899లో ఉన్మాద విషాదాలు రెండింటినీ ఇముడ్చుకొన్న ఒకే రుగ్మతగా నిరూపించినాడు. ఉన్మాదదశ సాధారణంగా వారమైనా నిలుస్తుంది. నిద్ర తగ్గినా అలసట తెలియదు, మాట వరదవుతుంది, చేతిలో లేని ధనం ఖర్చవుతుంది. విషాదదశ రెండు వారాలకు తక్కువ కాదు. పలువురిలో నెలలు సాగుతుంది. ఈ రెండింటి నడుమ రోగి ఏండ్ల తరబడి స్వస్థుడై, అందరివలె ఉద్యోగం చేసికొంటూ ఉండవచ్చును. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనులలో ఇంచుమించు 200 మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని పాలబడినవారే. సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో జార్ఖండ్ ఒకటి.

తెరమీద మొదట లోపించేది ఈ కాలమానమే. పాత్ర ఒక దృశ్యంలో పకపక నవ్వి, మరుదృశ్యంలో భోరున ఏడిస్తే వ్యాధి చూపినట్లే అనుకొంటారు. దీనికి తోడు మరొక భ్రమ: 2005లో వచ్చిన 'అపరిచితుడు' చిత్రం చూపినది ఒకే దేహంలో పలు వ్యక్తిత్వాలను. ద్విధ్రువ వ్యాధి అది కాదు. ఇందులో మనిషి ఒక్కడే. మారేది అతని మనఃస్థితి. రోగిచేత కత్తి పట్టించడం మూడవ దోషం. ఆత్మహత్యకు అవకాశమున్న ఈ వ్యాధిలో రోగి ఇతరులకంటె తనకు తానే ఎక్కువ అపాయం తెచ్చుకొంటాడు.

2011 నుండి 2020 వరకు ప్రసారమైన అమెరికా ధారావాహిక 'హోమ్‌లాండ్' ఈ విషయంలో కొంత మెరుగు. అందులోని గూఢచారిణి కారీ తన వ్యాధిని కార్యాలయంలో దాచి, వైద్యురాలైన అక్క ద్వారా రహస్యంగా మందులు తెచ్చుకొంటుంది. ఆ దాపరికం, ఆ మాటల వేగం సత్యాలే. కాని ఉన్మాదంలో ఆమె ఊహించినది నిజమై తీరడం వలన వ్యాధియే ప్రతిభ అన్న అపోహ బలపడుతున్నది. 2019లోని 'మోడర్న్ లవ్'లో ఒక భాగం, ఈ వ్యాధిని అనుభవించిన న్యాయవాది టెరీ చేనీ రచన ఆధారంగా వచ్చినది. దశల మార్పు అందులోను త్వరితమే. అయినా సహోద్యోగినికి నిజం చెప్పుకొన్న క్షణంలోని ఊరట నాటకీయతకు లొంగని సత్యం.

విచిత్రమేమనగా, వందల భాగాలు సాగే తెలుగు ధారావాహికకు ఈ వ్యాధికి కావలసినంత కాలం చేతిలో ఉన్నది. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రయోజనాన్ని ప్రకటించిన లిథియం నేటికీ ముఖ్యౌషధమే. అది వాడేవారు నియమంగా రక్తపరీక్ష చేయించుకోవాలి. బాగున్నదని మందు మానడం, వ్యాధి తిరగబెట్టడం, మరల కుదుటపడడం — ఇదంతా ధారావాహిక నడకయే. అయినను రచయిత ఆ నిడివిని ఆకస్మికపు మలుపులకు వ్యయం చేస్తున్నాడు.

నిద్రాభంగం ఉన్మాదదశను రేపగలదు. మూడు షిఫ్టులలో నడిచే ఉక్కునగరంలో దీనికి కథావస్తువు వెదకనక్కరలేదు. రాత్రి షిఫ్టుల తరువాత నిద్రలేకున్నా ఉరకలు వేస్తున్న భర్తను చూచి మొదట సంతోషించిన ఇల్లాలికి, అయిదారు రోజులకు అనుమానం కలుగుతుంది. అరుపులు లేవు, కత్తి లేదు. 'కాంకే' అన్న మాటకు జడియక ఆమె అతనిని వైద్యుని వద్దకు తీసికొనిపోతుందా అన్నదే కథ.