తలుపు లేని ఇంటిలో సోదా

నేరస్థుని పట్టుకొనుట పోలీసువారి ధర్మము. గృహస్థుని గడప గౌరవమును కాపాడుట న్యాయస్థానముల ధర్మము. ఈ రెండు ధర్మముల నడుమ గట్టువలె నిలుచునది సోదా వారంటు. ఇల్లు, కొట్టు, గిడ్డంగి అన్నవి కంటికి కనబడునవి గనుక ఆ గట్టు ఎక్కడ ఉన్నదో అందరికిని తెలియును. కాని నేడు మన ఉత్తరములు, లెక్కలు, ఛాయాచిత్రములు చేతిలోని ఫోనులో ఇమిడిపోయినవి. ఎక్కడనో దూరమున కూర్చుండి ఆ ఫోనులోనికి, కంప్యూటరులోనికి రహస్యముగా ప్రవేశించు విద్య పోలీసులకును అలవడినది. దీనిని హ్యాకింగ్ అందురు. ఇట్టి ప్రవేశమునకు వారంటు ఎట్లుండవలెను? ఇది ఈనాడు అనేక దేశముల న్యాయమూర్తుల ముందున్న ప్రశ్న.

ముందుగా సామాన్యమైన సోదా ఎట్లు జరుగునో చూతము. ఆర్మూరు ప్రాంతమున ఏర్గట్లలో ఒక పసుపు వర్తకుని గిడ్డంగిలో దొంగసొత్తు ఉన్నదని పోలీసులకు సమాచారము వచ్చినదనుకొందము. అధికారి మేజిస్ట్రేటుకు కారణములు చూపి వారంటు పొందవలెను. ఆలస్యమైనచో సొత్తు దాటిపోవునని తోచినప్పుడు వారంటు లేకయే పోవచ్చును. కాని ఏ వస్తువు కొరకు, ఏ కారణముచేత పోవుచున్నాడో ముందుగా వ్రాసి, దాని ప్రతిని 48 గంటలలోపల మేజిస్ట్రేటుకు పంపవలెను. గిడ్డంగి వద్ద ఆ ప్రాంతపు పెద్దమనుష్యులను ఇద్దరినైనను పంచులుగా పిలువవలెను. యజమాని దగ్గర నిలిచి చూడవచ్చును. బస్తాల వెనుక దొరికిన ప్రతి వస్తువును, అది దొరికిన చోటును పట్టికగా వ్రాసి, పంచులచే సంతకము చేయించి, ఒక ప్రతిని యజమానికి ఇయ్యవలెను. మనము పంచనామా అనునది ఇదియే. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ఈ పాత పద్ధతిని నిలుపుటయే గాక, సోదానంతటిని దృశ్యరూపమున రికార్డు చేయవలెనని కూడ విధించినది.

దీనినిబట్టి ఒక సంగతి తేటపడుచున్నది. గృహస్థునకు రక్షణ ఇచ్చునది వారంటు కాగితము ఒక్కటియే కాదు. తలుపు తట్టుట ఒక రక్షణ. యజమాని ఎదుట ఉండుట ఒక రక్షణ. పంచుల కన్నులు ఒక రక్షణ. పట్టిక ఒక రక్షణ. హ్యాకింగ్‌లో ఈ నాలుగును ఉండవు.

పోలీసులకు ఈ మార్గము ఏల అవసరమైనది? ఇంటర్నెట్టులో ప్రతి కంప్యూటరునకును ఇంటి నంబరువంటి చిరునామా ఒకటి ఉండును. సామాన్యముగా పోలీసులు ఆ చిరునామాను బట్టి మనిషిని కనుగొందురు. దానిని మరుగుపరచు సాధనములలో ప్రసిద్ధమైనది టోర్. దీనికి మూలమైన పరిశోధన 1990లలో అమెరికా నౌకాదళపు ప్రయోగశాలలో జరిగినది. ఒక ఉత్తరమును మూడు కవరులలో ఒకదానిలో ఒకటి పెట్టి పంపినట్లు ఊహింపుడు. మొదటి మజిలీవాడు పై కవరును విప్పి రెండవవానికి పంపును, రెండవవాడు మూడవవానికి. పంపినది ఎవరో, చేరునది ఎవరికో రెండును తెలిసినవాడు దారిలో ఒక్కడును ఉండడు. నిర్బంధములున్న దేశములలోని పత్రికా రచయితలకు ఇది ప్రాణరక్ష. పరమ నీచులైన నేరస్థులకును ఇదే చాటు.

ఈ చిక్కు 2015లో అమెరికాలో బయటపడినది. పసిపిల్లలపై జరిగిన అత్యాచారముల చిత్రములను పంచుకొను ప్లేపెన్ అను రహస్యస్థావరము టోర్ మాటున నడచుచుండెను. ఎఫ్.బి.ఐ. వారు దానిని చేజిక్కించుకొని, వెంటనే మూసివేయక, ఫిబ్రవరి 20 మొదలు మార్చి 4 వరకు తామే నడిపినారు. లోనికి వచ్చినవారి కంప్యూటరులలోనికి ఒక చిన్న ప్రోగ్రాము చొచ్చి, అసలు చిరునామాను పట్టుకొని తిరిగి వచ్చునట్లు ఏర్పాటు చేసినారు. ఇందుకు వర్జీనియాలోని ఒక మేజిస్ట్రేటు ఇచ్చిన వారంటు ఒక్కటే ఆధారము. ఆ ఒక్క కాగితముతో 120 దేశములలోని 8,000కు పైగా చిరునామాలు వెలికి వచ్చినవి. అమెరికాలోనే 55 మంది పిల్లలను గుర్తించుటయో రక్షించుటయో జరిగినదని ఎఫ్.బి.ఐ. 2017లో ప్రకటించినది. ఇది చిన్న ఫలితము కాదు.

అయినను న్యాయస్థానములలో తర్కము రేగినది. తన ఎల్లలు దాటి వారంటు ఇచ్చు అధికారము ఆ మేజిస్ట్రేటునకు ఆనాటి నిబంధనల ప్రకారము లేదని పలువురు న్యాయమూర్తులు అన్నారు. కాని పోలీసులు సదుద్దేశముతోనే నడచుకొన్నారని చెప్పి పెక్కు కేసులలో సాక్ష్యమును అంగీకరించినారు. ఒక కేసులో ముద్దాయి తరపువారు, లోనికి చొచ్చిన ఆ ప్రోగ్రాము ఎట్టిదో పూర్తిగా చూపుమని కోరగా, చూపుటకంటె కేసును వదలుకొనుటకే ప్రభుత్వము సిద్ధపడినది. పంచనామా లేని సోదాలోని ఇబ్బంది ఇక్కడనే ఉన్నది. ఏమి తీసినారో, ఏ త్రోవన పోయినారో చెప్పువాడు పోయినవాడొక్కడే. 2016 డిసెంబరు 1 నుండి అమెరికాలో నిబంధన మారినది. చిరునామా మరుగుపడినప్పుడు మేజిస్ట్రేటు తన ఎల్లలు దాటియు వారంటు ఇయ్యవచ్చును. సోదాకు గురియైన మనిషికి దాని ప్రతిని చేర్చుటకు తగిన యత్నము చేయవలెను.

మన తెలుగునాట ఈ విచారణకు దారి చూపిన కేసు కంప్యూటరులది కాదు, స్టాంపు కాగితములది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1986లో స్టాంపు చట్టమును సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఏ మనిషియైనను పత్రములున్న ఏ చోటనైనను ప్రవేశించి వానిని పరీక్షింపవచ్చునన్నది. హైదరాబాదులో బ్యాంకుల పత్రములపై ఈ అధికారమును ప్రయోగింపగా వివాదము సుప్రీంకోర్టుకు పోయినది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కెనరా బ్యాంకుల నడుమ ఆ కేసులో 2004 నవంబరులో తీర్పు వచ్చినది. ఏకాంతమన్నది స్థలమునకు సంబంధించినది కాదు, మనిషికి సంబంధించినదనియు, కాగితమును బ్యాంకులో దాచినంత మాత్రమున దాని గోప్యత పోదనియు న్యాయస్థానము నిర్ణయించినది. కారణములు వ్రాయనక్కరలేని, మార్గసూత్రములు లేని ఆ అధికారమును కొట్టివేసినది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకాంతము ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవముగా ప్రకటించినది. బ్యాంకు పెట్టెకు వర్తించిన ధర్మము ఫోనుకును వర్తింపవలెను గదా!

మన చట్టములో అనుమతి లేక ఇతరుల కంప్యూటరులో జొరబడుట నేరము. మరియొక ప్రక్క ఐటీ చట్టపు 69వ సెక్షను కంప్యూటరులలోని సమాచారమును చాటుగా గమనించుటకు, విప్పి చదువుటకు ప్రభుత్వమునకు అధికారమిచ్చుచున్నది. ఈ అనుమతిని ఇచ్చునది మేజిస్ట్రేటు కాదు, హోం శాఖ కార్యదర్శి. దానిని పిమ్మట పరిశీలించు సంఘము కూడ అధికారులదే. ఒకరి ఫోనులో గూఢచారి ప్రోగ్రామును నాటవచ్చునా అన్నది ఆ సెక్షను స్పష్టముగా చెప్పదు. పెగాసస్ వివాదమున కృష్ణా జిల్లా పొన్నవరమున జన్మించిన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణగారి ధర్మాసనము 2021 అక్టోబరు 27న విచారణ సంఘమును నియమించుచు, దేశభద్రత అన్నంత మాత్రమున న్యాయస్థానము కన్ను మూసుకొనదని హెచ్చరించినది. ఆ సంఘము 29 ఫోనులను పరీక్షించి, అయిదింటిలో ఏదో హానికర ప్రోగ్రాము ఉన్నదనియు, అది పెగాసస్ అని నిర్ధారణ కాలేదనియు 2022లో తెలిపినది.

ఇంతకంటె దగ్గరి ఉదాహరణము 2024 మార్చిలో హైదరాబాదు పంజగుట్ట పోలీసు స్టేషనులో నమోదైన కేసు. పోలీసు గూఢచారి విభాగములోని కొందరు అక్రమముగా ఫోను సంభాషణలు విన్నారని, ఆ లెక్కలున్న హార్డు డిస్కులను ధ్వంసము చేసినారని అందలి ఆరోపణ. నిజానిజములు తేల్చవలసినది న్యాయస్థానము. కాని ఆరోపణ స్వభావమును గమనింపుడు. గిడ్డంగి సోదాకు ఇద్దరు పంచులు ఉందురు. చాటు సోదాకు యంత్రములోని లెక్క ఒక్కటే పంచు. దానిని రూపుమాపినచో సోదా జరిగినదనుటకే సాక్షి ఉండడు.

కనుక పోలీసులకు ఈ విద్య వలదనుట సమంజసము కాదు. పిల్లలను చెరపట్టినవానికి టోర్ మాటు శాశ్వతమైన కోట కారాదు. అయితే తలుపు లేని చోట చట్టమే తలుపు కట్టవలెను. అనుమతి ఇచ్చువాడు దర్యాప్తు చేయువారి పైయధికారి గాక న్యాయమూర్తి కావలెను. ఏ నేరము, ఎవరి యంత్రము, ఎన్ని దినములు అన్నది వారంటులో ఉండవలెను. చేసిన ప్రతి పనికిని చెరపరాని లెక్క న్యాయస్థానము వశమున ఉండవలెను. పని ముగిసిన పిదప ఆ మనిషికి తెలియజేయవలెను.

ఇక సామాన్య గృహస్థుడు చేయదగినదియు ఒకటి కలదు. పసుపు అమ్మిన తక్‌పట్టీ మొదలు బిడ్డల ఫోటోల వరకు ఫోనులోనే దాచుకొను కాలమిది. పోలీసులు దర్యాప్తు కొరకు ఫోనును కోరినచో అడ్డుపడనక్కరలేదు. వ్రాతమూలకమైన ఉత్తర్వును, స్వాధీనము చేసికొన్నచో పట్టిక ప్రతిని మర్యాదగా అడుగవలెను. గిడ్డంగి వద్ద పంచనామా ప్రతిని అడిగి పుచ్చుకొను రైతుకు, వర్తకునకు ఇది క్రొత్త పాఠము కాదు.