పదహారు మిల్లీసెకన్ల గడువు

చలనచిత్రం నిజానికి చలించదు. తెరమీద సెకనుకు ఇరవైనాలుగు నిశ్చల చిత్రాలు ఒకదాని వెంట ఒకటి ప్రత్యక్షమవుతూ ఉంటే, వాటిని కలిపి కదలికగా గ్రహించేది మన మెదడు. 1957లో ‘మాయాబజార్’ చూసి ఆనందించిన పెద్దలకైనా, 2012లో ‘ఈగ’ చూసి కేరింతలు కొట్టిన పిల్లలకైనా ఈ భ్రాంతి ఒక్కటే. కంప్యూటరు ఆటకు కూడ ఇదే మూలసూత్రం. అయితే ఒక పెద్ద భేదం ఉంది. సినిమాలోని బొమ్మలన్నీ ముందుగానే సిద్ధమై ఉంటాయి. గ్రాఫిక్స్‌తో నిండిన ఒక్క ఫ్రేమును గణించడానికి గంటలు పట్టినా సినిమావారికి చింత లేదు. విడుదల నాటికి పూర్తయితే చాలు. ఆటకు ఆ వెసులుబాటు లేదు. ఆడేవాడు మౌసును ఎటు తిప్పుతాడో ఎవరికీ ముందుగా తెలియదు కనుక, అతని చేయి కదిలిన తరువాతనే బొమ్మ గీయడం మొదలుపెట్టాలి. కన్ను కనిపెట్టేలోగా ముగించాలి.

సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కొక్క ఫ్రేముకు లభించే గడువు 16.7 మిల్లీసెకన్లు. 30 చాలుననుకుంటే 33.3, 144 కావాలంటే 6.9 మాత్రమే. పిల్లలు ఫ్రేముల సంఖ్యను గురించి మాట్లాడుకుంటారు గాని, లెక్క వేయవలసింది ఈ గడువును. 30 నుండి 60కి పెరిగితే ప్రతి ఫ్రేములోను 16.7 మిల్లీసెకన్లు ఆదా అవుతాయి. 120 నుండి 144కు పెరిగితే ఆదా అయ్యేది 1.4 మాత్రమే. మొదటిది ఎవరి కంటికైనా తెలుస్తుంది. రెండవదానికి డబ్బు పెట్టేముందు ఒకసారి ఆలోచించుకోవచ్చును.

సగటు కూడ మోసం చేస్తుంది. ఒక సెకనులో 59 ఫ్రేములు పదిహేనేసి మిల్లీసెకన్లలో పూర్తయి, మిగిలిన ఒక్కటి 115 తీసుకున్నదనుకుందాం. మొత్తం సరిగా 1000 మిల్లీసెకన్లు; సగటు 60 ఫ్రేములు. తెరమూలన ఉన్న అంకె నిండుగా కనిపిస్తుంది, ఆట మాత్రం ఒక్క క్షణం కొయ్యబారి నిలిచిపోతుంది. “అరవై చూపిస్తున్నది కదా, ఇంకేం కావాలి?” అని పిల్లవానిని గదమాయించే తండ్రి ఈ సంగతి గమనించాలి. పిల్లవాడు అబద్ధం చెప్పడం లేదు.

ఎమిరేట్స్‌లో కౌమారదశలో ఉన్న పిల్లలు గల మన ఇళ్ళలో తరచుగా వినవచ్చే మాట ఒకటున్నది: “నాన్నా, ఆట ల్యాగ్ అవుతోంది, కొత్త గ్రాఫిక్స్ కార్డు కావాలి.” బర్ దుబాయిలోని కంప్యూటరు దుకాణాలలో విచారిస్తే మేలురకం కార్డుల ధర వేల దిర్హములలో ఉంటుంది. స్వదేశానికి కుటుంబంతో వెళ్ళి వచ్చే విమాన ఖర్చులకు, పాఠశాల రుసుములకు పక్కన పెట్టిన సొమ్ములోనుండి తీయవలసిన మొత్తం అది. కొనవలసిన సందర్భాలు లేకపోలేదు. కాని కొన్న తరువాత కూడ ఆట అలాగే ఆగి ఆగి నడిస్తే తండ్రికి కోపం, కొడుకుకు అవమానం. అందుచేత రోగం తెలుసుకున్న తరువాతనే మందు.

రసాయనశాస్త్రంలో ఒక చర్య అనేక దశలలో జరుగుతున్నప్పుడు, మొత్తం వేగాన్ని శాసించేది అన్నిటికన్న మందకొడి దశ. తక్కిన దశలను ఎంత త్వరపరచినా ఫలితం ఉండదు. కంప్యూటరు ఆటలోను ఇంతే. పెళ్ళి పందిరిలోని భోజనాలను తలచుకోండి. ఏ పంక్తిలో ఎవరు కూర్చోవాలి, ఏ వంటకం ఎప్పుడు రావాలి అని నిర్ణయించే పెద్దమనిషి ప్రాసెసరు. వందల విస్తళ్ళలో ఒకేసారి వడ్డించుకుంటూ పోయే బలగం గ్రాఫిక్స్ కార్డు. 1920 అడ్డము, 1080 నిలువు చుక్కలు గల తెరమీద మొత్తం 20,73,600 విస్తళ్ళు! ప్రతి ఫ్రేములోను ప్రతి చుక్కకూ రంగు లెక్కకట్టాలి. పెద్దమనిషి నిదానస్తుడైతే వడ్డించేవారు గరిటెలు పట్టుకుని నిలబడతారు; వడ్డించేవారు తక్కువైతే పెద్దమనిషి కేకలు వృథా.

(ఈ వడ్డన బలగాన్ని రూపొందించే విద్యలో మనవారిలో ఎన్నదగినవారు ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోను, ఖరగ్‌పూర్ ఐఐటీలోను చదివిన రాజా కోడూరి 2015లో ఏఎండీ సంస్థ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి అయినారు. 2017లో ఇంటెల్‌లో చేరి, 2023లో అక్కడినుండి వెలుపలికి వచ్చారు. పిల్లలు పోల్చి చూసుకునే కార్డుల వెనుక ఒక తెలుగు పేరు ఉన్నదని వారికి చెప్పడంలో తప్పు లేదు.)

లోపం ఎవరిదో తేల్చే పరీక్ష చాల సులువు. ఆటలో రెజల్యూషన్‌ను 1080 నుండి 720కి తగ్గించండి. చుక్కల సంఖ్య సగానికన్న తక్కువవుతుంది. ఫ్రేములు బాగా పెరిగితే భారం గ్రాఫిక్స్ కార్డు మీద ఉన్నది. ఏమీ పెరగకపోతే ప్రాసెసరు వెనుకబడుతున్నది. అప్పుడు ఎంత ఖరీదైన కార్డు తెచ్చినా అది గరిటె పట్టుకుని నిలబడుతుంది. రెండు నిమిషాల ఈ పరీక్ష చేయకుండానే వేల దిర్హములు ఖర్చుపెట్టిన ఇళ్ళు నాకు తెలుసును.

పరీక్ష ఫలితాన్ని బట్టి సెట్టింగులు మార్చుకోవాలి. కార్డు మీద భారమైతే మొదట తగ్గించవలసినవి నీడలు, నీటిలోను అద్దాలలోను ప్రతిబింబాలు, పొగమంచు, అన్నిటికన్న ముఖ్యంగా కాంతికిరణాల మార్గాన్ని లెక్కకట్టే రే ట్రేసింగ్. ఇవన్నీ ‘అల్ట్రా’లో ఉన్నప్పటికీ ‘హై’లో ఉన్నప్పటికీ పరుగెత్తే ఆటలో తేడా పోల్చుకోవడం కష్టం, గడువులో పడే భారం మాత్రం చాల ఎక్కువ. టెక్స్చర్ల సంగతి వేరు. వస్తువుల ఉపరితలానికి అతికించే ఈ బొమ్మలు కార్డులోని జ్ఞాపకశక్తిలో ఇమిడినంతకాలం వేగాన్ని పెద్దగా తగ్గించవు, కనుక వాటిని అనవసరంగా తగ్గించి గోడలను మసకబార్చుకోనక్కరలేదు. అవి అందులో పట్టకపోతేనే చిక్కు. ఆట కుదుపులతో నడుస్తుంది. ప్రాసెసరు మీద భారమైతే ఇవేవీ ఉపయోగపడవు. వీధిలోని జనసాంద్రత, ఎంత దూరంలోని వస్తువుల వరకు చూపాలి అనేవి తగ్గించాలి. ‘సైబర్‌పంక్ 2077’, ‘జీటీఏ 5’ వంటి ఆటలలో కొలత కోసమే ఒకే దృశ్యాన్ని మళ్ళీ మళ్ళీ నడిపే సౌకర్యం ఉన్నది. ఒకసారికి ఒక్క సెట్టింగు మాత్రమే మార్చి, ఫలితాన్ని పుస్తకంలో రాసుకోమని పిల్లలకు చెప్పండి. ప్రయోగశాలలో మేము చేసేదీ అంతే.

తక్కువ చుక్కలతో గీసి, పెద్ద బొమ్మగా పెంచి చూపే పద్ధతులు కూడ వచ్చాయి. ఎన్విడియా వారి డీఎల్‌ఎస్‌ఎస్ 2018లో వెలువడిన కార్డులతో ఆరంభమైనది. ఏఎండీ వారి ఎఫ్‌ఎస్‌ఆర్ 2021లో వచ్చినది, ఇది ఇతర సంస్థల కార్డుల మీద కూడ పనిచేస్తుంది. పాత కార్డు ఉన్నవారికి ఇది నిజమైన మేలు. రెండు ఫ్రేముల మధ్య ఊహించి మరొక ఫ్రేమును చేర్చే విద్య 2022లో వచ్చినది. దానివల్ల కదలిక నునుపుగా కనబడుతుంది గాని, మీట నొక్కినప్పటి నుండి ఫలితం కనబడేవరకు పట్టే జాప్యం తగ్గదు. అంకెను పెంచి చూపే ఈ ఉపాయం మీద నాకు అంత మోజు లేదు.

ఇక కానీ ఖర్చులేని కొన్ని తనిఖీలు. 144 హెర్ట్జ్ మానిటరు కొని, విండోస్‌లో దానిని 60 వద్దనే వదిలివేయడం సర్వసాధారణం. మానిటరు తీగను గ్రాఫిక్స్ కార్డుకు కాక మదర్‌బోర్డుకు తగిలించడం మరొకటి. అప్పుడు కొన్న కార్డు చాలవరకు ఊరకనే కూర్చుంటుంది. ల్యాప్‌టాప్‌ను ఛార్జరు లేకుండా బ్యాటరీ మీద ఆడిస్తే వేగం సగానికి పడిపోవచ్చును. ర్యాము రెండు పలకలుగా వేయవలసిన చోట ఒక్క పలకతో సరిపెట్టడం కూడ ప్రాసెసరును మందగింపజేస్తుంది.

ఇవన్నీ సరిచూసిన తరువాత కూడ “మొదటి పావుగంట బాగుంటుంది, తరువాత పడిపోతుంది” అని పిల్లవాడు చెబితే ఒక్కటే అనుమానించాలి: వేడి. ఈ ఎడారి దేశంలో దీనిని గురించి కొంత వివరంగా చెప్పక తప్పదు.

చిప్పు ఉష్ణోగ్రత లెక్క సులభమైనది. అది తినే విద్యుత్తును శీతలయంత్రాంగపు నిరోధంతో హెచ్చించి, దానికి చుట్టూ ఉన్న గాలి ఉష్ణోగ్రతను కలపాలి. 200 వాట్ల కార్డు, వాటుకు 0.25 డిగ్రీల నిరోధం అనుకుందాం. పెరుగుదల 50 డిగ్రీలు. ఏసీ నడుస్తున్న 24 డిగ్రీల గదిలో చిప్పు 74 వద్ద ఉంటుంది. ఏసీ ఆపివేసిన జూలై మధ్యాహ్నపు గది 36 డిగ్రీలుంటే 86కు చేరుతుంది. ఏసీ ఉన్నా, రెక్కల నడుమ ధూళి పేరుకుని నిరోధం 0.35 అయితే 94! అనేక ఎన్విడియా కార్డులు 83 డిగ్రీల ప్రాంతంలోనే తమంత తామే వేగం తగ్గించుకోవడం ఆరంభిస్తాయి. ప్రాసెసర్లు చాలవరకు 95, 100 డిగ్రీల వద్ద. యంత్రం చెడిపోలేదు, తనను తాను కాపాడుకుంటున్నది.

ఇటీవల షార్జాలో ఒక మిత్రుని ఇంట ఇటువంటి సమస్యే చూశాను. కంప్యూటరును పొందిక కోసం బల్లకింద చెక్క బీరువాలో పెట్టి తలుపు వేశారు. అది విడిచిన వేడి గాలినే మళ్ళీ పీల్చుకుంటున్నది. కొత్త కార్డు కొనడానికి ఆ వారాంతమే ముహూర్తం. తలుపు తీయించి, ముందుభాగంలోని ధూళి జల్లెడను కడిగించాము. గంట ఆడినా ఫ్రేములు పడిపోలేదు. పిల్లవాని ముఖంలో ఆనందంతోపాటు కొంత నిరాశ కూడ కనబడిన మాట వాస్తవం.

ధూళి దులపడంలో ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆగస్టులో గల్ఫు తీరపు గాలి నిండా తేమ ఉంటుంది. 22 డిగ్రీల గదిలోని చల్లని యంత్రాన్ని నేరుగా బాల్కనీలోకి తీసుకువెళ్తే, చల్లని నీళ్ళగ్లాసు మీద చెమ్మ పట్టినట్లే దాని లోహభాగాల మీద నీరు పడుతుంది. చలికాలంలో చేయండి, లేదా యంత్రం వెచ్చబడి, పట్టిన చెమ్మ పూర్తిగా ఆరేవరకు ఆగండి. విద్యుత్తు తీసివేసి, పంకా రెక్కలను వేలితో పట్టుకుని గాలి కొట్టండి. పంకా విపరీతవేగంతో తిరిగితే దాని బేరింగు పాడవుతుంది.

చిప్పుకు, దానిమీది రాగి దిమ్మకు మధ్య పూసే లేపనం నా శాస్త్రానికి చెందిన పదార్థం కనుక రెండు మాటలు. ఎంత నునుపు చేసినా రెండు లోహతలాల మధ్య సూక్ష్మమైన ఖాళీలు మిగిలి, వాటిలో గాలి నిలుస్తుంది. రాగి ఉష్ణవాహకత సుమారు 400 అయితే గాలిది 0.026, పదిహేనువేల రెట్లు తక్కువ. సిలికోన్ నూనెలో జింకు ఆక్సైడు, అల్యూమినా వంటి పొడులను కలిపి చేసిన లేపనం ఆ గాలిని తొలగించి దాని చోట నిలుస్తుంది. దాని వాహకత రాగి ముందు చాల తక్కువ, గాలి ముందు వందరెట్లకు పైగా ఎక్కువ. అందుకే పలుచగా పూయాలి; గోరింటాకులా దట్టంగా పెడితే నష్టమే. యంత్రం వేడెక్కి చల్లబడిన ప్రతిసారీ రెండు తలాలు వేర్వేరుగా వ్యాకోచించి లేపనాన్ని అంచులకు నెట్టుతాయి, నూనె విడిపోతుంది, పొడి మిగులుతుంది. కొన్ని సంవత్సరాలకు ప్రాసెసరు మీది లేపనం మార్చడం మంచిది. గ్రాఫిక్స్ కార్డును విప్పడం మాత్రం హామీ గడువు చూసుకుని, తెలిసినవారి చేత చేయించండి. వేడివల్ల ఆయుర్దాయం కూడ తగ్గుతుంది: ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే వాటి జీవితకాలం సుమారు సగమవుతుందని ఇంజనీర్ల వాడుక సూత్రం.

పాఠకులలో కొందరు, “మావాడి ఆటలో ఫ్రేములు నిలకడగానే ఉన్నాయి, అయినా ల్యాగ్ అంటాడు” అనవచ్చును. అది వేరే జబ్బు. పది మందితో ఆడే ఆటలో సమాచారం దూరపు సర్వరుకు వెళ్ళి రావాలి. గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. దుబాయి నుండి ఫ్రాంక్‌ఫర్ట్ సుమారు 4,800 కిలోమీటర్లు. రానుపోను కనీసం 48 మిల్లీసెకన్లు, తంతువుల వంకర దారిలో ఇంకా ఎక్కువ. ముంబయికి అయితే కనీసం 19. ఏ గ్రాఫిక్స్ కార్డూ కాంతిని తొందరపెట్టలేదు. ఆటలో దగ్గరి సర్వరును ఎన్నుకోవడం ఒక్కటే మార్గం.

వేసవి సెలవులలో ల్యాప్‌టాప్‌ను హైదరాబాదుకో విజయవాడకో తీసుకువెళ్ళే పిల్లలకు చివరగా ఒక సెట్టింగు. ఫ్రేముల గరిష్ఠ పరిమితిని 60 వద్ద కట్టివేయండి. చిప్పు ప్రతి ఫ్రేమును త్వరగా ముగించి, మిగిలిన గడువులో విశ్రమిస్తుంది. నేర్పుంటే చిప్పుకు అందే వోల్టేజిని కూడ కొద్దిగా తగ్గించవచ్చును. విద్యుత్తు వ్యయం వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది కనుక పది శాతం తగ్గిస్తే అదే వేగానికి వ్యయం సుమారు 19 శాతం తగ్గుతుంది. ఏసీ లేని అమ్మమ్మగారి ముందుగదిలో యంత్రం మరీ కాగిపోదు. మధ్యాహ్నం కరెంటు పోయినా, ఇన్వర్టరు మీద అమ్మమ్మగారి పంకా, మనవడి ఆట రెండూ కొంతసేపు నడుస్తాయి.