ఈతగాండ్ర సాధన

మన పల్లెలలో ఈత యనునది పాఠము చెప్పించుకొని నేర్చిన విద్య కాదు. చెరువో కాలువయో దిగుడుబావియో గురువుగా, నడుమునకు కట్టిన మునగబెండ్లు తోడుగా పిల్లలు తామే నేర్చుకొనిరి. అట్టి యీత ప్రాణరక్షణమునకు చాలును. పోటీలో గెలుచుటకు చాలదు. ఏల చాలదో, ఏమి కావలయునో నేడు విన్నవించెదను.

నేను నివసించుచున్న ఫిల్మ్ నగరు చలనచిత్రముల సీమ. ఇచ్చట పదియేండ్ల సాధనను ఒక్క పాటలో చూపుదురు. చరణము ముగియునప్పటికి బాలుడు వీరుడగును. ఇక్కడికి పడమరగా గచ్చిబౌలిలో, 2002లో జరిగిన జాతీయ క్రీడల కాలమున నిర్మితమైన ఈతకొలను కలదు. దాని నిడివి 50 మీటర్లు. అచట మాత్రము పదియేండ్ల సాధనకు పదియేండ్లును పట్టును.

మొదట నీటి స్వభావము తెలియవలయును. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. అందు వేగము రెట్టింపైనచో, అడ్డగించు బలము సుమారు నాలుగురెట్లగును. కావున కండబలము పెంచుకొన్నంత మాత్రమున కార్యము నెరవేరదు. దేహమును నీటిమట్టమునకు సమముగా, పడవవలె నిలుపవలయును. తల కొంచెమెత్తినను తుంట్లు క్రుంగును. అవి క్రుంగినచో నీరు గోడవలె అడ్డునిలుచును. చెరువులో తలయెత్తి యీదువాడు త్వరగా అలయుటకు ముఖ్యకారణ మిదియే. పోటీకి సిద్ధమగువాడు ముఖము నీటనుంచి, ప్రక్కకు తిరిగి గాలి పీల్చి, దానిని నీటిలోనే విడువ నేర్చును.

ఇక దినచర్య. తెల్లవారకముందొకసారి, సాయంకాలమొకసారి నీట దిగుదురు. దినమునకు ఏడెనిమిది కిలోమీటర్లు, ఒక్కొక్కనాడు అంతకు మించియు ఈదుదురు. అంతయు ఒకే పట్టున కాదు: నూరేసి మీటర్లు పదిసార్లో ఇరువదిసార్లో, నడుమ గడియారము చూచి కొన్ని సెకండ్ల విరామముతో. ఒక ఉదయము నేను చూచుచుండగా, గురువు ఒక బాలికచేత గోడయొద్ద పల్టీకొట్టి తిరుగుటను మాత్రమే మరల మరల చేయించుచుండెను. మా బాల్యమున అమరమును వల్లెవేయించిన పద్ధతియు నిట్టిదే. శ్లోకము వచ్చినంతనే వల్లె ఆగదు. తలపకయే నోట పలుకువరకు సాగును. పోటీకి రెండు మూడు వారములు ముందుగా శ్రమను తగ్గింతురు. కోతకు ముందు వరిచేనినుండి నీరు తీసివేయు రైతునకు ఈ మర్మము బోధింప నక్కరలేదు.

ఇంత శ్రమయు దేనికి? కేరళమున జన్మించిన సాజన్ ప్రకాశ్ 2021 జూన్ నెలలో రోమ్ నగరమున, బటర్‌ఫ్లై అనబడు సీతాకోకచిలుక యీతలో 200 మీటర్లను 1 నిమిషము 56.38 సెకండ్లలో ముగించెను. ఒలింపిక్ క్రీడలలో నేరుగా ప్రవేశమునకు విధించిన కాలము 1 నిమిషము 56.48 సెకండ్లు. భేదము సెకండులో పదవవంతు! ఆ గీటు దాటిన మొదటి భారతీయ డతడే; అదియు మెడగాయముచే బాధపడి కోలుకొన్న పిదప. అయినను టోక్యోలో అతనికి దక్కినది 24వ స్థానము. అచట స్వర్ణపతకము గెలిచిన హంగరీ దేశపు క్రిస్టోఫ్ మిలాక్ 1 నిమిషము 51.25 సెకండ్లలో గమ్యము చేరెను. ఏండ్ల తరబడి చేసిన సాధనకు ఫలము పతకమే కానక్కరలేదని, బిడ్డను పంపు తల్లిదండ్రులు మొదటనే యెరుగవలయును.

మన తెలుగువారిలో సామర్లకోటకు చెందిన గోలి శ్యామలగారి కథ స్మరింపదగినది. యానిమేషన్ చిత్రముల నిర్మాణమున పనిచేసిన ఆమె, నలుబది యేండ్లు దాటిన పిదప ఈతకు పూనుకొనిరి. 2021 మార్చిలో తలైమన్నారునుండి ధనుష్కోటి వరకు సుమారు 30 కిలోమీటర్ల సముద్రమును 13 గంటల 43 నిమిషములలో ఈదిరి. కొలనులోని పోటీ వేరు, కడలిలోని యీత వేరు. సాధన మాత్ర మొక్కటియే.

కావున పెద్దలకు నా మనవి. ఊరి పిల్లలను చెరువునకు ఒంటరిగా పంపకుడు. ఈత వచ్చిన పెద్దవా డొకడు గట్టుననుండి కనిపెట్టవలయును. చురుకైన బిడ్డ కనబడినచో ఎనిమిదితొమ్మిది యేండ్లకే దగ్గరి పట్టణమున మంచి గురువునొద్ద చేర్పుడు. ఆ గురువు చదువునకును నిద్రకును తావిచ్చునో లేదో విచారింపుడు. భుజము నొచ్చుచున్నదని బిడ్డ చెప్పినచో సోమరితనమని కసరకుడు. వేలకొలది బారలు వేయు భుజమది. మరియు, ఆడపిల్లకు పండ్రెండేండ్లు నిండినవని ఈత మాన్పింపకుడు. అంతవరకు నేర్చినది ఫలించు కాల మదియే. అప్పుడు మాన్పించినచో బిడ్డ కష్టమంతయు వృథా యగును. ఆ నిర్ణయము నీటిచేత లేదు, మన చేతనే యున్నది.