పడమటి ఎండకు అద్దాల గోడ

పోయిన వేసవిలో మా తమ్ముడు ఊరి నుంచి ఒక ఫొటో పంపాడు. జగిత్యాల దగ్గర మా పాత పెంకుటిల్లు తీసేసి కొత్తది కట్టాలని ఏడాదిగా అనుకుంటున్నాం. ఫొటోలో ఇంటి ముందు భాగమంతా కింది నుంచి పైదాకా నీలం అద్దమే. "అన్నా, సూరత్‌ల అన్నీ ఇట్లనే ఉంటయట గదా" అన్నాడు. నాకూ నచ్చింది. బాగుందని చెప్పేశాను. ఆ సాయంత్రమే నాన్నగారు ఫోన్ చేశారు. "మనది పడమటి వాకిలి. పొద్దుగూకే ఎండంత అద్దంల నుంచి లోపటికొస్తే నేనెక్కడ పండుకోవాలె బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి నేనుంటున్న సూరత్‌నే కొంచెం శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాను.

దర్జా కోసం కట్టడం ఈ ఊరికి కొత్త కాదు. 17వ శతాబ్దంలో ఇక్కడ వ్యాపారం చేసిన ఆంగ్లేయులు, డచ్చివారు తమ పెద్దలకు గుమ్మటాలతో, స్తంభాలతో మేడల్లాంటి సమాధులు కట్టించారు. 1669లో చనిపోయిన జార్జ్ ఆక్సెండెన్ సమాధి, 1691లో చనిపోయిన డచ్చి అధికారి వాన్ రీడ్ సమాధి నేటికీ ఉన్నాయి. ఎవరి హోదా ఎంతో ఊరికి చూపించడమే వాటి పని. సమాధిలో ఉన్నవారికి ఎండా వానా పట్టవు. ఇంట్లో ఉండేవారికి పడతాయి కదా!

అదే ఊళ్లో గోపీపురా సందుల్లోకి వెళ్తే పాత చెక్క ఇళ్లు కనిపిస్తాయి. ముందు భాగం ఇరుకు, లోపలికి పొడవు. పక్కిళ్లతో గోడలు కలిసి ఉంటాయి కాబట్టి ఎండ తగిలే గోడ తక్కువ. మధ్యలో చౌక్, అంటే ఆకాశం కనిపించే చిన్న ముంగిలి. వేడెక్కిన గాలి అక్కడి నుంచి పైకి పోతుంది. వీధి వైపు ఎత్తుగా 'ఓట్లో', అంటే మన అరుగే. తాపీ నది పొంగే ఊరికి ఆ ఎత్తు ఎంత అవసరమో, 2006 ఆగస్టు వరదలో నగరంలో చాలా భాగం మునిగిన రోజులు చూసినవారిని అడిగితే చెబుతారు. మన భవంతి ఇల్లు, కోస్తాలో మండువా లోగిలి, తుఫాను గాలులకు తట్టుకునే చుట్టిల్లు, అన్నీ ఇదే లెక్క మీద పుట్టాయి.

మరి అద్దంతో చిక్కేమిటి? ఎండ వెలుగు అద్దంలోంచి సులువుగా లోపలికి వస్తుంది. నేల, గోడలు, సామాను దాన్ని పీల్చుకుని వేడెక్కుతాయి. వాటి నుంచి వచ్చే వేడి మాత్రం అద్దం దాటి అంత సులువుగా బయటికి పోదు. ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారును గుర్తుచేసుకోండి. మధ్యాహ్నం ఎండ పై నుంచి పడుతుంది కాబట్టి సజ్జ ఆపుతుంది. సాయంత్రపు ఎండ ఏటవాలుగా వస్తుంది. దాన్ని ఆపాలంటే లోతైన వసారా గానీ చెట్టు గానీ కావాలి.

అలాగని కొత్తవన్నీ హంగేనని కొట్టిపారేయకూడదు. 2023 డిసెంబర్ 17న ఖజోద్‌లో ప్రారంభమైన సూరత్ డైమండ్ బోర్స్ సంగతే తీసుకోండి. 15 అంతస్తుల టవర్లు తొమ్మిది, దాదాపు 4,700 ఆఫీసులు, 65 లక్షల చదరపు అడుగులకు పైగా స్థలం. అమెరికా పెంటగాన్‌ను మించిన కార్యాలయ భవనమని దేశమంతా చెప్పుకుంది. నిజానికి ఢిల్లీకి చెందిన మార్ఫోజెనెసిస్ సంస్థ దీన్ని ఇక్కడి వాతావరణం చూసుకునే రూపొందించింది. టవర్లను కలిపే నడవా ఇక్కడ వీచే గాలిని లోపలికి లాగేలా ఉంటుంది. కొన్నిచోట్ల నేల కింది గొట్టాల్లో చల్లని నీళ్లు తిప్పి చల్లబరుస్తారు.

అయినా ప్రారంభమయ్యాక చాలామంది వ్యాపారులు వెంటనే అక్కడికి మారలేదు. మహిధర్‌పురాలో ఇప్పటికీ వీధిలోనే, స్కూటరు మీద కూర్చునే, కాగితపు పొట్లం విప్పి వజ్రాన్ని పగటి వెలుగులో చూస్తారు. దళారీ, కారఖానా, లాకరు, టీ కొట్టు అన్నీ పిలుపు దూరంలో ఉంటాయి. బేరం సాగేది ఆ పరిచయాల మీదే. వజ్రాల గిరాకీ తగ్గడం కూడా మార్పు ఆలస్యం కావడానికి ఒక కారణం. కానీ నాకు అర్థమైంది ఒకటే. పరిసరాలంటే ఎండా గాలీ మాత్రమే కాదు. అక్కడి మనుషుల అలవాట్లు కూడా. భవనం రెండింటికీ కుదరాలి.

లింబాయత్‌లో స్థిరపడిన మన తెలుగు నేత కుటుంబాలవారు సొంతూళ్లో ఇల్లు కట్టుకోవడానికి రుణం కోసం మా బ్రాంచికి వస్తుంటారు. చాలామంది ఫోన్లో మా తమ్ముడు పంపినలాంటి ఫొటోనే ఉంటుంది. నేను ఎంబీఏలో చదివిన పాఠం ఇప్పుడు వాళ్లకు చెబుతున్నాను. కట్టే ఖర్చు ఒక్కసారే, వాడే ఖర్చు జీవితాంతం. వేడిని తగ్గించే అద్దాలున్నాయి, కానీ ధర ఎక్కువ. ఏసీ కరెంటు బిల్లు ఈఎంఐ పక్కనే నెలనెలా నిలబడుతుంది. అందుకే ప్లాను మీద సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోమంటాను. సాయంత్రం ఎండ ఏ గదిలో పడుతుంది? కరెంటు పోతే గాలి ఎటు నుంచి వస్తుంది? ఇంట్లో రోజంతా ఉండేది ఎవరు?

మూడో ప్రశ్నకు మా ఇంట్లో జవాబు నాన్నగారు. ఆ మాట ముందే తట్టనందుకు సిగ్గుపడ్డాను. తమ్ముడు కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. చివరికి మెట్ల దగ్గర, తూర్పు వైపు మాత్రం అద్దం పెట్టుకున్నాడు. పడమట లోతైన వసారా, దాని ముందు అరుగు, ఒక వేపచెట్టు.

ఇప్పుడు స్లాబు దాకా వచ్చింది. అరుగు ఎంత వెడల్పుండాలో నాన్నగారే మేస్త్రీకి చూపించారట. కొలత టేపుతో కాదు, తన నులక మంచం తెచ్చి వేసి.