చార్టులోకి ఎక్కని మాట: అమెరికా నల్లజాతి తల్లుల ఆరోగ్యం



లేబర్ రూములో ఒక్క నెల డ్యూటీ చేసిన నర్సింగ్ విద్యార్థినికి కూడా సిమ్స్ స్పెక్యులం తెలుసు. ఎనిమా ఇచ్చేటప్పుడు రోగిని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టే పద్ధతిని సిమ్స్ పొజిషన్ అని మొదటి సంవత్సరంలోనే నేర్పుతాము. ఆ సిమ్స్ ఎవరు అని అడిగితే మాత్రం చెప్పేవారు తక్కువ. మారియన్ సిమ్స్ అమెరికాలోని అలబామా రాష్ట్రంలో డాక్టరు. కష్టమైన కాన్పు తర్వాత కొందరు స్త్రీలకు మూత్రం ఆగకుండా కారుతూ ఉంటుంది. దానికి ఆపరేషను కనిపెట్టడానికి ఆయన 1845 నుండి 1849 వరకు మాంట్గోమరీ ఊరిలో నల్లజాతి బానిస స్త్రీల మీద ప్రయోగాలు చేశాడు. మత్తుమందు ఇవ్వలేదు. వారి ఇష్టం అడిగే పద్ధతే ఆ రోజుల్లో లేదు, ఎందుకంటే వారి మీద హక్కు యజమానులది. అనార్కా, బెట్సీ, లూసీ అనే ముగ్గురి పేర్లు ఆయన రాతల్లోనే ఉన్నాయి. ఒక్క అనార్కాకే సుమారు 30 సార్లు ఆపరేషను చేశాడు. ఆ ఆపరేషను తర్వాత లోకమంతటా ఎందరో స్త్రీలకు మేలు చేసిందన్న మాట నిజమే. ఆ మేలు ఎవరి ఒంటి మీద నేర్చుకున్నారో కూడా నిజమే. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఉన్న సిమ్స్ విగ్రహాన్ని 2018 ఏప్రిల్‌లో తీసివేశారు. 2021లో మాంట్గోమరీలో ఆ ముగ్గురు స్త్రీలకు స్మారకం నిలబెట్టారు.

ఈ సంగతి ఇప్పుడెందుకు అంటే, మా నర్సింగ్ స్కూలులో చదివిన పిల్లలు కొందరు ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసై అమెరికా ఆసుపత్రుల్లో పని చేస్తున్నారు. జార్జియా రాష్ట్రంలో బాలింతల వార్డులో ఉన్న ఒక అమ్మాయి ఆమధ్య ఫోను చేసి, "సిస్టర్, ఇక్కడ మానిటర్లున్నాయి, బ్లడ్ బ్యాంకు ఉంది, రాత్రంతా డాక్టర్లు ఉంటారు. అయినా నల్లజాతి తల్లులే ఎక్కువ చనిపోతున్నారట, ఎందుకు?" అని అడిగింది. ఫోనులో రెండు ముక్కల్లో తేలే ప్రశ్న కాదు గనుక ఇక్కడ రాస్తున్నాము.

ముందు లెక్కలు చూద్దాము. 2023లో అమెరికాలో లక్ష జననాలకు తెల్లజాతి తల్లులు 14.5 మంది చనిపోతే నల్లజాతి తల్లులు 50.3 మంది చనిపోయారు. కోవిడ్ నడుస్తున్న 2021లో ఈ సంఖ్యలు 26.6, 69.9. అంటే మంచి సంవత్సరంలోనైనా చెడ్డ సంవత్సరంలోనైనా తేడా తేడాగానే ఉంది. ఈ మరణాలను ఒక్కొక్కటిగా విచారించే కమిటీలు ఆ దేశంలో చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. 2017 నుండి 2019 వరకు జరిగిన మరణాలను పరిశీలించి, గర్భం కారణంగా పోయిన ప్రతి పదిమందిలో ఎనిమిదిమందికి పైగా బ్రతికించగలిగినవారే అని ఆ కమిటీలు తేల్చాయి.

పేదరికమే కారణం అని మనకు వెంటనే తోస్తుంది. అది కొంత కారణమే. కాని డిగ్రీ చదివిన నల్లజాతి తల్లుల మరణాలు అదే చదువున్న తెల్లజాతి తల్లుల మరణాలకు ఐదు రెట్లు ఉన్నాయని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సి.డి.సి. 2019లో ప్రకటించింది. ఆ సంస్థలోనే పని చేసిన డాక్టర్ షాలన్ అర్వింగ్ సంగతి ఆ దేశంలో అందరికీ తెలిసింది. సమాజంలోని అసమానత మనుషుల ఆరోగ్యాన్ని ఎలా తింటుందో పరిశోధించడమే ఆమె పని. వయసు 36. 2017 జనవరిలో సిజేరియన్ అయి ఆడపిల్ల పుట్టింది. ఇంటికి వచ్చాక బి.పి. పెరిగింది, కాలు వాచింది, ఒంట్లో బాగాలేదని పదే పదే ఆసుపత్రికి వెళ్లింది. చివరిసారి బి.పి. మాత్రలు రాసి ఇంటికి పంపారు. ఆ రాత్రే ఇంట్లో కుప్పకూలింది. బిడ్డకు అప్పటికి మూడు వారాలు. చదువు ఉంది, ఇన్సూరెన్సు ఉంది, ఏ గుర్తుకు భయపడాలో తెలిసిన జ్ఞానం ఉంది. ఇంకేమి లేదు అని అడగవలసి వస్తుంది.

నల్లజాతి స్త్రీలలో బి.పి., గుండె కండరం బలహీనపడటం, గర్భసంచిలో గడ్డలు ఎక్కువ. అది పుట్టుకతో వచ్చిన రక్తం తేడా అని చాలాకాలం సరిపెట్టుకున్నారు. ఆర్లీన్ జెరోనిమస్ అనే పరిశోధకురాలు 1992లో వేరే మాట చెప్పింది. ఏళ్ల తరబడి అవమానాన్ని, భయాన్ని, బరువును మోసిన శరీరం వయసుకంటే ముందే అరిగిపోతుందని ఆమె వాదన. ఎండకు వానకు నిలబడిన గోడకు పెచ్చులూడినట్టు. ముప్పై ఏళ్ల తల్లి కాన్పు టేబుల్ మీదకు వచ్చేసరికి ఆమె గుండె, రక్తనాళాలు అంతకంటే పెద్ద వయసువి అయి ఉండవచ్చు.

ఊపిరి ఆడడం లేదని చెప్పినా

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెట్టినది సెరీనా విలియమ్స్ అనుభవం. టెన్నిస్‌లో లోకమంతా ఎరిగిన మనిషి. 2017 సెప్టెంబరులో సిజేరియన్ అయింది. ఆమెకు అంతకుముందు ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు వచ్చి ఉన్నాయి. మర్నాడు ఊపిరి అందకపోయేసరికి అవే మళ్లీ వచ్చాయని గ్రహించి, గదిలో ఉన్న తల్లి కంగారు పడకూడదని బయటికి నడిచి వచ్చి, ఎదురైన నర్సుతో తనకు సి.టి. స్కాన్ తీయాలి, హెపారిన్ డ్రిప్ పెట్టాలి అని చెప్పింది. నొప్పి మందు మత్తులో ఏదో మాట్లాడుతోందని ఆ నర్సు అనుకుంది. డాక్టరు ముందు కాళ్లకు అల్ట్రాసౌండ్ చేశాడు, అందులో ఏమీ కనిపించలేదు. చివరికి స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల్లో గడ్డలు ఉన్నాయి. ఆమె పట్టు వదలలేదు గనుక బ్రతికింది. అంత పేరు లేనివారు, రెండోసారి అడగడానికి సిగ్గుపడేవారు ఆ వార్డుల్లో ఎందరుంటారో ఊహించండి.

ఆ నర్సు చెడ్డ మనిషి కాకపోవచ్చు. నైట్ డ్యూటీలో ఎనిమిది పడకలు చూసినవారికి తెలుసు, మన చెవి కొందరి మూలుగును వింటుంది, కొందరి మూలుగుకు అలవాటు పడుతుంది. ఎవరికి అలవాటు పడుతుందన్నదే అక్కడి చిక్కు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో 2016లో వైద్య విద్యార్థులను, రెసిడెంట్ డాక్టర్లను ప్రశ్నిస్తే, నల్లవారి చర్మం మందం, వారి నరాలకు నొప్పి తక్కువ తెలుస్తుంది వంటి అబద్ధాల్లో కనీసం ఒక్కటైనా నిజమని సగం మంది నమ్ముతున్నట్టు తేలింది. నమ్మినవారు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు. సిమ్స్ కాలానికీ దీనికీ మధ్య 170 ఏళ్లున్నాయి.

(ఇది చదివి అమెరికావాళ్లను తప్పుపట్టడం సులభమే. బిడ్డ బరువెంత అని అడగకముందే రంగు ఏమిటని అడిగే బంధువులు మన లేబర్ రూము బయట కూడా నిలబడతారు.)

యంత్రం కూడా అన్నిసార్లూ మధ్యస్థంగా ఉండదు. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు నలుపు చర్మం మీద ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపించవచ్చునని 2020లో ఒక అధ్యయనం గట్టిగా చెప్పింది. రీడింగు బాగానే ఉన్నా రక్తంలో ఆక్సిజన్ తగ్గి ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం. కాబట్టి అంకె 94 చూపిస్తున్నా తల్లి ఆయాసపడుతుంటే ఆయాసాన్నే నమ్మాలి. శ్వాస లెక్కపెట్టండి. నలుపు చర్మంలో నీలిరంగు పెదవి పైన కనబడదు, కంటి రెప్ప లోపల, నాలుక కింద చూడండి. ఇది మన వార్డులకు కూడా పనికివచ్చే మాటే.

కాలిఫోర్నియాలో ఇంకో సంగతి జరిగింది. అక్కడి ఆసుపత్రులు 2006 నుండి కలిసి పని చేసి, కాన్పు తర్వాత రక్తస్రావానికి ఒకే పద్ధతి పెట్టుకున్నాయి. రక్తం ఎంత పోయిందో కంటితో అంచనా వేయకుండా తడిసిన ప్యాడ్లను, గుడ్డలను తూకం వేస్తారు. పొడి బరువు తీసివేస్తే ఒక గ్రాము ఒక మిల్లీలీటరు. ఇంత దాటితే ఇది చేయాలి, ఇంత దాటితే రక్తం ఎక్కించాలి అని ముందే రాసి ఉంటుంది. మందులన్నీ ఒక బండిలో సిద్ధంగా ఉంటాయి. 2013 నాటికి ఆ రాష్ట్రంలో తల్లుల మరణాలు సగానికి పైగా తగ్గాయి. రక్తస్రావం వల్ల ప్రాణం మీదకు వచ్చే కేసుల్లో నల్లజాతి, తెల్లజాతి తల్లుల మధ్య తేడా కూడా తగ్గింది. అన్ని కారణాలూ కలిపి చూస్తే తేడా అక్కడ ఇంకా పోలేదు. అయినా తూకం రాయికి ఎవరి మాట నమ్మాలన్న సందేహం ఉండదు గదా.

అక్కడ పని చేస్తున్న మన పిల్లలకు మేము చెప్పేది కొంచెమే. రోగి చెప్పినది ఆమె మాటల్లోనే చార్టులో రాయండి, టైము వేయండి. హ్యాండోవర్‌లో "ఊరికే కంప్లైంట్ చేస్తుంది", "నొప్పి మందు కోసం అడుగుతుంది" అని ఎవరైనా చెబితే ఆ మాటను తర్వాతి డ్యూటీకి అందించకండి, మంచం దగ్గరికి వెళ్లి మీరే చూడండి. బి.పి. 160/110 దాటి నిలబడితే గంటలోపు మందు పడాలి. డాక్టరుగారు రాకపోతే చార్జ్ నర్సుకు, ఆపైన సూపర్‌వైజరుకు చెప్పే హక్కు అక్కడ నర్సుకు ఉంది. మన పిల్లలకు డాక్టరుగారిని రెండోసారి పిలవాలంటే జంకు. వీసా మీద ఉన్నవారికి ఇంకా జంకు. ఆ జంకు ఖరీదు ఎవరు కడతారో గుర్తుంటే చేయి ఫోను మీదకు వెళుతుంది.

ఇంటికి వెళ్లాక

ప్రమాదం కాన్పు టేబుల్ దగ్గరే ఉంటుందని అందరూ అనుకుంటారు. పైన చెప్పిన కమిటీల లెక్కలో సగానికి పైగా మరణాలు కాన్పు అయిన వారం తర్వాత, ఏడాదిలోపు జరిగినవే. పేదవారికి ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్ ఇన్సూరెన్సు కాన్పు తర్వాత 60 రోజులకే ఆగిపోయేది. 2022 నుండి దాన్ని 12 నెలలకు పొడిగించుకునే వీలు కల్పిస్తే ఎక్కువ రాష్ట్రాలు పొడిగించాయి. చట్టం వచ్చినా, నెలల బిడ్డను వదిలి పనికి వెళ్లే తల్లికి ఆసుపత్రికి వెళ్లే తీరిక ఎవరిస్తారు?

హింస సంగతి కూడా చెప్పాలి. మన పత్రికల్లో దీన్ని దాటవేస్తాము గాని ఇది ఆరోగ్య విషయమే. గర్భవతిగా ఉన్నప్పుడు, కాన్పయిన ఆరు వారాల్లో హత్యకు గురయ్యే స్త్రీల సంఖ్య అమెరికాలో రక్తస్రావం, బి.పి. వంటి ఒక్కొక్క కారణంతో పోయేవారికంటే ఎక్కువ అని 2021లో ఒక అధ్యయనం తేల్చింది. అందులో కూడా నల్లజాతి స్త్రీలకే ముప్పు ఎక్కువ. చాలాసార్లు చంపినది భర్తో, తోడుగా ఉన్నవాడో. అందుకే అక్కడ చాలా ఆసుపత్రుల్లో గర్భవతిని ఒంటరిగా కూర్చోబెట్టి "ఇంట్లో నీకు భయం ఉందా?" అని అడుగుతారు. భర్త పక్కన ఉండగా అడిగితే అడగనట్టే.

మనసు సంగతికి వస్తే, ఆ సమాజంలో స్త్రీకి ఒక బిరుదు ఉంది, గట్టి మనిషి అని. షెరిల్ వుడ్స్ జిస్కోంబే అనే నర్సింగ్ ప్రొఫెసరు 2010లో దీని గురించి రాశారు. గట్టిగా కనబడాలి, కన్నీరు చూపకూడదు, ఎవరి సాయం తీసుకోకూడదు, చేతిలో ఏమీ లేకపోయినా నెగ్గాలి, తనకంటే ముందు ఇంటివారిని చూడాలి. ఈ గట్టితనమే ఆ జాతిని బానిసత్వం దాటించింది. అదే లోపలి దిగులును దాచిపెడుతుంది, నిద్రను, గుండెను పాడుచేస్తుంది. బాలింత దిగులు ఉన్న నల్లజాతి తల్లుల్లో చికిత్స మొదలయ్యేది తక్కువమందికే. మీకేమమ్మా, గట్టివారు అన్న మాట మన తెలుగు ఇళ్లలో కూడా మెప్పుగానే చెలామణి అవుతుంది.

ఈ మౌనాన్ని కదిలించినవారిలో బిల్లీ ఏవరీ ఒకరు. 1970లో ఆమె భర్త 33 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. 1983లో అట్లాంటాలోని స్పెల్మన్ కాలేజీలో ఆమె నల్లజాతి స్త్రీల ఆరోగ్య సదస్సు పెడితే సుమారు 2,000 మంది వచ్చారు. తర్వాత ఊరూరా చిన్న గుంపులుగా కూర్చుని ఒకరి కథ ఒకరు వినడం మొదలుపెట్టారు. మందులు, ఉపన్యాసాలు లేవు. బి.పి., షుగరు గురించి మాట్లాడదామని కూర్చుంటే మొదట బయటికి వచ్చింది దెబ్బల సంగతి, చిన్ననాడు జరిగిన అత్యాచారాల సంగతి. అంతకుముందు వాటిని ఎవరూ అడగలేదు.

మన మంత్రసానుల వంటి దాదులు దక్షిణ రాష్ట్రాల్లో వారికీ ఉండేవారు. జార్జియాలోని ఆల్బనీ ఊరి మేరీ కోలీ మూడు వేలకు పైగా పురుళ్లు పోసింది. ఆమె పనిని చూపుతూ 1953లో దాదుల శిక్షణ కోసం సినిమా కూడా తీశారు. తర్వాత లైసెన్సులు బిగించి ఆ దాదులను పక్కకు నెట్టారు. ఇప్పుడు డౌలా అనే పేరుతో కాన్పులో తోడు ఉండే స్త్రీలు మళ్లీ వస్తున్నారు. వారు వైద్యం చేయరు. తల్లి చేయి పట్టుకుంటారు, ఆమె మాట ఎవరూ వినకపోతే గట్టిగా మళ్లీ చెబుతారు.

కాన్పయి ఇంటికి వెళ్లే ప్రతి తల్లికీ, ఆమెతో ఉండేవారికీ ఈ గుర్తులు తెలియాలి: తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు, ఆయాసం, గుండె నొప్పి, గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసిపోవడం, గుడ్డంత గడ్డలు పడటం, 100.4 దాటిన జ్వరం, ఒక కాలు వాచి ఎర్రబడి నొప్పి పుట్టడం, తనకో బిడ్డకో హాని చేసుకోవాలనే తలపు. గుర్రపు వాతం కాన్పయిన ఆరు వారాల వరకు కూడా రావచ్చు. ఆసుపత్రికి వెళ్లిన వెంటనే నాకు ఫలానా తేదీన కాన్పయింది అని ముందే చెప్పాలి. ఎమర్జెన్సీలో ఉన్నవారికి ఎదురుగా తలనొప్పి ఉన్న స్త్రీ కనబడుతుంది గాని బాలింత కనబడదు. అందుకని అమెరికాలో నర్సులు ప్రతి స్త్రీని "గత సంవత్సరంలో కాన్పయిందా?" అని అడగడం అలవాటు చేసుకుంటున్నారు. మా క్యాజువాలిటీ రిజిస్టరులో కూడా ఈ ప్రశ్నకు ఒక గడి గీయించాము.