బంగారమున కొలువైన ప్రాణులు

వేలూరు కోటలో జలకంఠేశ్వరస్వామి ఆలయపు కల్యాణమంటపమున, స్తంభములను చీల్చుకొని ముందునకు దూకుచున్నట్లు మలచిన యాళులను, గుఱ్ఱములను కన్నులార చూచినవారికి, ఈ సీమ కంసాలి నెమలిని, హంసను, నాగుబామును బంగారమున నిలుపుటలో అంతటి నేర్పు నెట్లు సాధించెనో తెలియకపోదు. శిల్పి ఱాతిలో చూపినదానిని కంసాలి రేకులో చూపెను. లక్కపై పఱచిన పలుచని బంగారు రేకును చిన్ని ఉలులతో వెనుకనుండి తట్టి తట్టి, ముందువైపున రూపము ఉబుకునట్లు చేసి, ఆపై కన్నులకు కెంపులు పొదుగు నకాషీ పనిలో, ఒక్క దెబ్బ మించినచో రేకు చినుగును.

ఈ విద్య మనయందు ఇట్లు వర్ధిల్లుచుండగనే, విక్టోరియా రాణి ఏలిన 1837 మొదలు 1901 వఱకు గల కాలమున, ఆంగ్లదేశపు స్త్రీలకును జంతురూపాభరణములపై మోజు మెండయ్యెను. వివాహనిశ్చయవేళ ఆల్బర్టు రాకుమారుడు ఆ రాణి కొసగిన ఉంగరము, తలపై పచ్చ పొదిగిన పాము. మన యాడువారి జడపై పడగవిప్పు నాగరము, దండచేతిని చుట్టుకొను నాగవత్తు సంతానమును, రక్షణను కోరి ధరించునవి కాగా, తన తోకను తానే నోటకఱచుకొన్న సర్పము వారికి అంతములేని ప్రేమకు చిహ్నము. కాని కాలక్రమమున ఆ మోజు రూపముతో తృప్తినొందక ప్రాణినే కోరెను. 1865లో హ్యారీ ఇమాన్యుయేల్ అను లండను నగల వర్తకుడు హమ్మింగు పక్షుల తలలను నగలలో బిగించు విధానమునకు పేటెంటు పొందెను. 1884-85 ప్రాంతమున గ్రాన్విల్ ప్రభువు భార్యకై, ఆకుపచ్చగా మెఱయు నిజమైన ముక్కుపురుగులను కూర్చి చేసిన నగలు నేటికిని బ్రిటిష్ మ్యూజియములో కలవు. భారతదేశమున వేటాడిన పులుల గోళ్లు బంగారు పట్టీలు తొడుగుకొని పతకములై ఓడలెక్కెను. అందమునకై ప్రాణము తీయుట ఆ కళకు తీరని మచ్చ యనియే నా అభిప్రాయము. పసిబిడ్డల మెడలో పులిగోరు కట్టిన మనకును ఆ మచ్చ అంటకపోలేదు.

పులి యన్నంతనే వేలూరునకు స్ఫురించువాడు టిప్పు సుల్తాను. 1799లో శ్రీరంగపట్టణము ఆంగ్లేయుల వశమైనపిమ్మట ఆయన కుటుంబమును ఈ కోటలోనే ఉంచిరి. రత్నములు పొదిగిన వ్యాఘ్రముఖములు గల ఆయన సింహాసనమును మాత్రము ముక్కలుగావించి పంచుకొనిరి. ఆ పులితలలలో నొకటి దేశము దాటిపోకుండునట్లు 2021లో బ్రిటిష్ ప్రభుత్వము తాత్కాలికముగ ఎగుమతిని నిలిపివేసెను. 1806 జూలై 10న ఈ కోటలో సిపాయిలు తిరుగబడి టిప్పు వ్యాఘ్రాంకిత పతాకము నెత్తిరి. నూతనమైన తలపాగాయు, నుదుటి బొట్టుపై నిషేధమును వారి ఆగ్రహమునకు కారణములని చరిత్ర చదివిన వారందఱు ఎఱుగుదురు. చెవిపోగులు తీయుడను ఆజ్ఞయు వానిలో నొకటి. ఒంటిమీది నగ మానమునకు సంబంధించినదని ఆ ఆజ్ఞలిచ్చిన ఆంగ్ల సేనానులకు తెలియదయ్యెను.

మద్రాసులోని నగల సంస్థ పి. ఓర్ అండ్ సన్స్ వారు మన కంసాలి విద్య, ఆంగ్లేయుల మోజు అను రెండు లోకములను కలిపిరి. వారు ప్రసిద్ధికి తెచ్చిన 'స్వామి' నగలలో శివునితో నందియు, సుబ్రహ్మణ్యునితో నెమలియు, వినాయకునితో ఎలుకయు, విష్ణువుతో గరుత్మంతుడును పాశ్చాత్యుల కంఠములకు, ముంజేతులకు చేరిరి. 1875-76లో వేల్సు యువరాజు మనదేశమున పర్యటించిన పిమ్మట వీటిపై లండనులో మక్కువ హెచ్చెను. నగపై సంస్థ ముద్ర నిలిచినది. ఉలి పట్టిన కంసాలి పేరు నిలువలేదు. ఈ లోటు నన్ను మిక్కిలి బాధించును.

గంగమ్మ సిరసు ఊరేగు గుడియాత్తమునందును, వేలూరునందును, సరిహద్దున కావలనున్న చిత్తూరు సీమయందును తెలుగిండ్ల పెట్టెలలో ప్రాణిరూపముల నగలు, నాగవత్తులు, సింహముఖపు కడియములు, నెమలి పతకములు, నేడో రేపో పెండ్లి ఖర్చునకై కరగుటకు సిద్ధముగ నుండును. కరగించునప్పుడు లోపలి లక్క తరుగుపోయి పలుచని రేకు మాత్రమే తూకమునకు వచ్చును. పనితనమునకు త్రాసు వెలకట్టదు. నూఱేండ్లు దాటిన కళాకృతి పురావస్తువగును గనుక, 1972 నాటి చట్టము ననుసరించి దానిని విదేశములకు పంపుట నేరము. పులిగోరును కొనుటయు, అమ్ముటయు అదే సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. అమ్మమ్మ నగను కరగింపక తప్పనిచో, ముందుగ దాని రెండువైపుల ఫోటోలు తీయించి, తూకమును, చేసిన ఊరిని, తెలిసినయెడల చేసిన కంసాలి పేరును వ్రాసి భద్రపఱచుడని చదువరులను వేడుచున్నాను.