పసివాడి విషయంలో తొందర వద్దు... పెద్దవాడికి సిగ్గు వద్దు

పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి నీళ్లు పోసే పెద్దమ్మలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్ల చేతి చలువతో ఎందరో బిడ్డలు ఎదిగారు. అయితే వారిలో కొందరు మగబిడ్డకు నీళ్లు పోసేటప్పుడు పురుషాంగం చివరనున్న తోలును వెనక్కి లాగి శుభ్రం చేయబోతారు. అది రాకపోతే ‘ఇప్పుడు లాగకపోతే పెద్దయ్యాక ఇబ్బంది’ అంటూ బలవంతం చేస్తారు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తాడు. మంచికని చేసే ఈ పనే ఒక్కోసారి చెడుకు దారి తీస్తుంది.

ముందుతోలు బిగుతుగా ఉండి వెనక్కి రాకపోవడాన్ని వైద్యులు ఫైమోసిస్ అంటారు. నలుగురిలో చెప్పుకునే మాట కాదు కనుక దీని గురించి తెలిసింది తక్కువ, అపోహలు ఎక్కువ. పసివాడికి అవసరం లేకపోయినా తొందరపడతాం. పెద్దవాడికి అవసరమున్నా దాచిపెడతాం. రెండూ పొరపాట్లే.

పుట్టుకతో దాదాపు అందరికీ అంతే

మగబిడ్డ పుట్టినప్పుడు ముందుతోలు లోపలి భాగానికి అతుక్కుని ఉంటుంది. ఇది జబ్బు కాదు. 1949లో బ్రిటన్ వైద్యుడు డగ్లస్ గైర్డ్నర్ వెల్లడించిన లెక్క ప్రకారం, అప్పుడే పుట్టిన 100 మంది మగబిడ్డల్లో నలుగురికి మాత్రమే తోలు పూర్తిగా వెనక్కి వస్తుంది. డెన్మార్క్‌లో బడిపిల్లలను ఏళ్ల తరబడి పరీక్షించిన వైద్యుడు యాకోబ్ ఓస్టర్ 1968లో తన వివరాలు ప్రచురించారు. 6, 7 ఏళ్ల పిల్లల్లో నూటికి 8 మందికి తోలు బిగుతుగా ఉంటే, 16, 17 ఏళ్లు వచ్చేసరికి నూటికి ఒక్కరికే అలా ఉంది. అంటే చాలామందికి ఏ మందూ, ఏ కత్తీ లేకుండానే వయసుతోపాటు అది సర్దుకుంటుంది.

మొగ్గ దానంతట అది విచ్చుకోవాలి గాని వేళ్లతో విప్పితే రేకులు చిరుగుతాయి. తోలు సంగతీ అంతే. బలవంతంగా లాగితే సన్నగా చిట్లుతుంది, నెత్తురు వస్తుంది. ఆ గాయం మానేటప్పుడు మచ్చకట్టి తోలు మరింత బిగుసుకుంటుంది. లేని జబ్బును మన చేతులతో తెచ్చిపెట్టినట్టవుతుంది. పసివాడికి పైపైన నీళ్లతో కడిగితే చాలు. లోపల వేలు పెట్టనక్కరలేదు. నూనెలు, పసర్లు పూయనక్కరలేదు.

మూత్రం పోసేటప్పుడు తోలు బుడగలా ఉబ్బుతుందని కొందరు తల్లులు కంగారు పడతారు. నొప్పి లేకుండా, ధార బాగానే వస్తుంటే భయం లేదు. తోలు కింద తెల్లటి చిన్న గడ్డలు కనిపిస్తే చీము అనుకుంటారు. అది రాలిపోయిన చర్మం పోగైన మడ్డి. తోలు విడిపోయే కొద్దీ అదే బయటకు వస్తుంది.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

ఇంతకుముందు వెనక్కి వచ్చిన తోలు ఇప్పుడు రాకపోయినా, తోలు అంచు తెల్లగా, గట్టిగా ఉంగరంలా మారినా చూపించాలి. తరచూ ఎర్రబడి వాచి చీము కారుతున్నా, మూత్రం మంటగా లేక సన్నటి ధారగా వస్తున్నా, జ్వరం వస్తున్నా ఆలస్యం కూడదు. మీసాలు వచ్చే వయసు కుర్రవాడికి అంగం గట్టిపడినప్పుడు నొప్పి ఉంటే అదీ చూపించదగ్గదే.

ఒక్క పరిస్థితి మాత్రం అత్యవసరం. వెనక్కి లాగిన తోలు మళ్లీ ముందుకు రాక అక్కడే బిగుసుకుపోతుంది. దారం కట్టినట్టయి ముందుభాగం వాచి రంగు మారుతుంది. రక్తం ఆడక ఆ భాగమే పాడయ్యే ప్రమాదం ఉంది. తెల్లవారనివ్వండి చూద్దాం అనకూడదు. రాత్రయినా సరే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. అందుకే స్నానంలో తోలు వెనక్కి తీసి కడుక్కునేవారు తిరిగి ముందుకు లాగడం మరవకూడదు.

మొదట పూతమందు, తర్వాతే కత్తి

ఫైమోసిస్ అనగానే ఆపరేషనే అనుకోనక్కరలేదు. ముందుగా వైద్యులు స్టెరాయిడ్ పూతమందు రాసిస్తారు. సాధారణంగా బెటామెథసోన్ రకం వాడతారు. దాన్ని రోజుకు రెండుసార్లు, 4 నుంచి 8 వారాలపాటు తోలు బిగుతుగా ఉన్న చోట పలచగా పూసి, నొప్పి రానంతవరకే మెల్లగా వెనక్కి జరుపుతుండాలి. ఎక్కువమంది పిల్లలకు దీనితోనే గుణం కనిపిస్తుంది. అయితే మందుల షాపులో అడిగి ఏదో ఒక ఆయింట్‌మెంట్ కొని పూయకూడదు. అక్కడ బూజు తెగులు వంటిది ఉంటే స్టెరాయిడ్ వల్ల అది మరింత పెరుగుతుంది.

తోలు మచ్చకట్టి గట్టిపడిన వారికి, మందుకు లొంగని వారికి ఆపరేషన్ అవసరమవుతుంది. కొందరికి తోలు తీయకుండానే చిన్న కోతతో వెడల్పు చేయవచ్చు. ఎక్కువమందికి సున్తీ చేస్తారు. పిల్లలకు పూర్తి మత్తు, పెద్దవారికి ఆ చోటు వరకే మత్తు ఇస్తారు. చాలామంది అదే రోజు ఇంటికి రావచ్చు. గాయం మానడానికి రెండు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. పెళ్లయిన వారు నెల, నెలన్నర సంసారానికి దూరంగా ఉండాలి. నెత్తురు ఆగకపోయినా, చీము పట్టినా వెంటనే తిరిగి చూపించాలి.

సున్తీ అన్న మాట వినగానే ‘అది మన ఇంటా వంటా లేదు’ అని వెనక్కి తగ్గేవారున్నారు. జబ్బు కోసం చేసే ఈ ఆపరేషన్‌కు మతంతో నిమిత్తం లేదు. వరిబీజానికి చేయించుకున్నట్టే ఇదీ. ఇక ఆచారంగా చేయించేవారైనా, జబ్బుకు చేయించేవారైనా వైద్యుని చేతనే చేయించడం క్షేమం. బిడ్డకు మూత్రపు రంధ్రం కొసన కాక కింద ఉంటే సున్తీ చేయించకూడదు. ఆ లోపం సరిచేయడానికి ఆ తోలే కావలసి రావచ్చు. దెబ్బ తగిలితే నెత్తురు ఆగని తత్వం ఇంట్లో ఎవరికైనా ఉంటే ముందే చెప్పాలి.

నడివయసులో వస్తే షుగరు చూపించుకోండి

ఇన్నాళ్లూ బాగున్న తోలు నలభై, యాభై ఏళ్ల వయసులో చిట్లి, దురదపెట్టి బిగుసుకుపోతుంటే రక్తంలో షుగరు పరీక్ష తప్పనిసరి. కొందరిలో షుగరు వ్యాధి మొదట బయటపడేది ఇలాగే. దాన్ని అదుపు చేయకుండా పూతమందులు ఎన్ని రాసినా మళ్లీ మొదటికే వస్తుంది. తోలు కింద మానని పుండు, గడ్డ, దుర్వాసనతో కారడం ఉంటే మరీ జాగ్రత్త. బిగుతు తోలును ఏళ్ల తరబడి వదిలేసిన వారికి పురుషాంగ క్యాన్సర్ ముప్పు ఎక్కువ. తొందరగా చూపిస్తే చిన్న వైద్యంతో పోయేది, దాచుకుంటే అంగానికే ముప్పు తెస్తుంది.

పెళ్లి కుదిరిన తర్వాత ఎవరితో చెప్పుకోవాలో తెలియక లోలోపల నలిగిపోయే కుర్రవాళ్లు ఉంటారు. వారు చేయవలసింది ఒక్కటే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, చీటీ రాసే చోట ఏమీ చెప్పకుండా, ‘డాక్టరు గారితో ఒంటరిగా మాట్లాడాలి’ అంటే చాలు. అవసరమైతే అక్కడినుంచి ఏరియా ఆసుపత్రికో, జిల్లా ఆసుపత్రికో పంపుతారు. డాక్టరుకు ఇది రోజూ చూసే జబ్బుల్లో ఒకటి. సిగ్గు మనకే గాని ఆయనకు లేదు.